ఆగాకర మగపాదులు

ఇంటర్ పిల్లలకి నేను వృక్షశాస్త్రం చెబుతాను. మందార పువ్వు కోసి రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు, కేసరాలు, అండాశయం విడదీసి బల్ల మీద పెడితే బుద్ధిగా బొమ్మ గీసుకుంటారు. మందారంలో ఆడా మగా ఒకే పువ్వులో ఉంటాయి, గొడవ లేదు. మా అత్తగారి పెరట్లో ఆగాకర అలాంటిది కాదు. అందులో ఆడపాదు వేరు, మగపాదు వేరు.

మా అత్తవారిది సాలూరు దగ్గర పల్లె, సెలవులకి ఇద్దరం అక్కడికే వెళ్తాం. పెళ్లై ఇన్నేళ్లయినా మాకు పిల్లల్లేరు. విజయనగరంలో నేను అన్ని పరీక్షలూ చేయించుకున్నాను. నాలో లోపం లేదని చెప్పి, ఇక మీ ఆయన్ని తీసుకురమ్మంది డాక్టరమ్మ. ఆయన రాలేదు. ఇంట్లో మాత్రం గొడ్రాలిని నేనే. మొన్న ఎండాకాలంలో ఆయనకి ఇంకో సంబంధం చూద్దామన్న మాట కూడా మొదలైంది, నేను అక్కడే కూర్చుని కూర తరుగుతుండగా.

వానలు పడగానే అత్తగారు పెరడంతా ఆగాకర దుంపలు పాతారు. పాదులు పందిరెక్కి పూశాయి. కొన్నిటికి పువ్వు కింద పిందె లేదు. "కాయని పాదుకి నీరెందుకు, దండగ" అని వాటిని దుంపలతో సహా పీకి పారేశారు. పనికిరానిది ఇంట్లో ఉంచే మనిషి కాదావిడ. మిగిలినవి విరగబూశాయి గానీ, ముళ్లముళ్ల పిందెలు పసుపెక్కి రాలిపోవడమే. దిష్టి తగిలిందని నా వైపు చూస్తూ అన్నారు.

నేను అందర్నీ పందిరి కిందకి పిలిచి చెప్పాను. "అత్తా, మీరు పీకినవి మగపాదులు. వాటి పుప్పొడి పడకపోతే ఆడపువ్వుకి పిందె నిలవదు."

మావయ్య ఆలోచించి, "అయితే ఈ పాదుల తప్పేటీ నేదన్నమాట" అన్నారు.

అందరూ తలూపారు. ఇంత తేలిగ్గా అర్థమైతే మా సంగతీ అర్థమవుతుందనుకున్నాను, పిచ్చిదాన్ని. వంటింట్లో ఆయన్ని అడిగాను. "ఒక్కసారి డాక్టరు దగ్గరకి రండి. నాకోసం."

"అవి మొక్కలు," అన్నారు. "నేను మొక్కనా?"



పక్కింటి కంచె మీద ఒక మగపాదు మిగిలుంది. పొద్దుగూకాక ఆగాకర పూలు విచ్చుకుంటాయి. సెలవులకి వెళ్లినన్ని రోజులూ ఆ మగపూలు కోసి, రేకులు తుంచి, కేసరాలు ఆడపువ్వు కీలాగ్రానికి తాకించాను. ఊరి పాదులన్నిటికీ కాపు తెప్పించగలను, నా కాపురం మాత్రం నా చేతిలో లేదని అక్కడే నిలబడి ఏడ్చాను.

పిందెలు నిలిచాయి. కాయలు కోసే రోజు అత్తగారు చేట నిండా పోసుకుని మురిసిపోయారు. నా చెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు.

"సెయ్యి మంచిదేనే," అన్నారు ప్రేమగానే. "కడుపే మంచిది కాదు."

మా ఆయన పందిరికి అవతల కాయలు కోస్తున్నారు. ఆ మాట వినబడేంత దగ్గరే. కోస్తూనే ఉన్నారు.