కుట్ల మీద దట్టీ

మా ఊళ్లో ఎద్దు కాలి నాల ఊడితే పిలిచేది ఒక్క మనిషినే, నాలల ఖుద్దూస్‌ని. కేతేపల్లి చుట్టుపక్కల ఊళ్లకు కూడా ఆయనే దిక్కు. ఎద్దు నడుముకు తాడు మెలేసి, చెవి దగ్గర ఏదో గొణిగి, ఒక్క గుంజుడు గుంజితే ఎంత పొగరుమోతు కోడె అయినా పక్కకు ఒరిగేది. కాళ్లు కట్టి, గిట్టలు చెక్కి, ఇనుప నాలలు పెట్టి మేకులు దించి, వీపు మీద ఒకటి చరిచి లేపేవాడు. చూస్తే మనిషి చింత బరికెలా సన్నగా ఉండేవాడు. ఆ బలమంతా ఎక్కడ దాచాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మాది పక్కిల్లు. ఆయన్ను అన్నా అనేదాన్ని, ఆయన భార్య షరీఫాను వదినా అనేదాన్ని. వాళ్లిద్దరూ మంచిగా ఉన్నప్పుడు ఉర్దూలో మాట్లాడుకునేవారు, కొట్లాట మొదలైతే తెలుగులోకి దిగేవారు. కొట్లాటకు సాక్షులుండాలి కదా.

ఖుద్దూస్ అన్నకు నాలల కంటే పెద్ద పని ఇంకొకటి ఉండేది. పీర్ల పండుగలో ఖాసీం పీరును ఎత్తడం. తాత ఎత్తాడు, తండ్రి ఎత్తాడు, ఆ తర్వాత ఈయన. మా పీర్ల కొట్టంలో అన్నిటికంటే పెద్దది అదే. నిలువెత్తు కర్ర, పైన ఇత్తడి పంజా, దాని మెడ చుట్టూ మొక్కుకున్నవాళ్లు కట్టిన రంగురంగుల గుడ్డలు. వాటిని దట్టీలు అంటాం. ఆఖరి రోజు సవారి ఊరేగింపులో పీరు ఎత్తిన మనిషి మీదికి పీరు వస్తుంది. మనిషి వణుకుతాడు, ఊగుతాడు, కళ్లు తేలేస్తాడు. అప్పుడు హిందువులని లేదు, ముస్లింలని లేదు, ఊరంతా బిందెలతో నీళ్లు తెచ్చి ఆయన కాళ్ల మీద పోసి బాధలు చెప్పుకుంటుంది. ఆయన నోటి నుంచి ఏ మాట వస్తే అదే పీరు మాట.

ఎనభై తొమ్మిదో సంవత్సరం చలికాలంలో అన్న కడుపులో పుండు పగిలింది. నల్లగొండ పెద్ద దవాఖానలో రొమ్ము కింది నుంచి బొడ్డు దాటేదాకా కోసి ప్రాణం నిలబెట్టారు. కుట్టు చీము పట్టి చాలా రోజులు సతాయించింది. ఇంటికొచ్చాక పరామర్శకు వచ్చిన ప్రతివాడికీ చొక్కా ఎత్తి ఆ కుట్టు చూపించేవాడు. మగవాళ్లకు దెబ్బ తగిలితే బాధకంటే గొప్ప ఎక్కువ. ఉగాది దాటిందో లేదో, బరువు పని వద్దన్న డాక్టరు మాట గాలికి పోయింది. ఎద్దులను పడేయడం మళ్లీ మొదలుపెట్టాడు.

ఎండాకాలంలో ఒకరోజు పొద్దున బావి దగ్గర స్నానం చేస్తూ గట్టిగా తుమ్మాడు. షరీఫా వదిన నీళ్లు పోస్తున్నది. కుట్టు పక్కన, బొడ్డుకు కొంచెం పైన, నిమ్మకాయంత ఉబ్బు లేచి మళ్లీ లోపలికి పోయింది.

"ఏందది?" అన్నది వదిన.

"ఏమున్నది, కొవ్వు."

"నీ ఒంట్ల కొవ్వు యాడున్నది? మళ్లొకసారి తుమ్ము."

"నువ్వు చెప్తే తుమ్మనీకి నేనేమన్న మేకనా?"

గోడకు ఇవతల నేను బట్టలు ఆరేస్తున్నాను. తెలుగులో మాట్లాడుతున్నారు కాబట్టి నన్ను కూడా పిలిచినట్టే అనుకుని వెళ్లాను. వదిన దగ్గమన్నది, ఆయన దగ్గాడు, ఉబ్బు మళ్లీ లేచింది. ఆ వారమే వదిన ఆయన్ను బస్సెక్కించి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు పడుకోబెట్టి, దగ్గించి, వేళ్లతో నొక్కి చూశాడు.

"చర్మం అతికింది గాని లోపలి కండ కుట్టు విడిపోయినట్టుంది. ఆ సందులోంచి పేగు తోసుకొస్తున్నది. దీన్ని హెర్నియా అంటాం. వానలు తగ్గాక రా, మళ్లీ కుడదాం. పడుకుంటే లోపలికి పోతున్నంత కాలం భయం లేదు. లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి లేచి, వాంతి వచ్చిందంటే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు. పేగు మెలిపడి చచ్చిపోతుంది, వెనకే మనిషి కూడా" అన్నాడు.

కడుపుకు బిగించుకునే పట్టీ ఒకటి ఇచ్చాడు. అది దురద పెడుతోందని అన్న దాన్ని అటక మీద పడేసి, పోయినేడు పీరుకు కట్టిన పచ్చ దట్టీ ఒకటి తీసి కడుపు చుట్టూ బిగించుకున్నాడు. డాక్టరు పట్టీ కంటే ఇదే బలమైనదని అందరికీ చెప్పేవాడు. వదిన మాత్రం డాక్టరు చెప్పినదాన్ని నమాజులా రోజూ వల్లె వేసుకునేది. గట్టిపడటం, నొప్పి, వాంతి.

శ్రావణంలో పీర్లు కూర్చున్నాయి. కొట్టం ముందు నిప్పుల గుండం తవ్వారు, డప్పులు కాచారు, ఊదు వాసన ఊరంతా పాకింది. మా కాళ్లు నేల మీద నిలవడం లేదు. వాళ్లింట్లో మాత్రం యుద్ధం, అదీ తెలుగులో.

"ఈ యేడు నువ్వు ఎత్తొద్దు" అన్నది వదిన.

"మా తాత సంది మా ఇంటోళ్లే ఎత్తుతున్నరు. నేను బతికుండంగ ఇంకొకడెట్ల ఎత్తుతడు?"

"బతికుండనీకే చెప్తున్న."

చివరికి రాజీ కుదిరింది. అన్నతో చిన్నప్పటి నుంచి తిరిగిన గొర్ల బీరన్న పీరును ఎత్తాలి, అన్న పక్కన నడవాలి. బీరన్న కొండలాంటి మనిషి, మాట తక్కువ. పీరు ఎత్తేవాడు ఉపవాసముండాలి, కల్లు ముట్టకూడదు. కల్లు మానడం కష్టమైనా బీరన్న సరేనన్నాడు. వదిన కూడా ఆఖరి రోజు ఉపవాసం పట్టింది, మొగుడి కడుపు కోసం.

ఆ రోజు మధ్యాహ్నం సవారి లేచింది. ముందు డప్పులు, వెనక చిన్న పీర్లు, నడుమ బీరన్న చేతిలో ఖాసీం పీరు, దట్టీలు గాలికి లేస్తున్నాయి. పిల్లలు "అసోయ్ దూలా" అని ఎగురుతున్నారు. నాకూ ఎగరాలనిపించింది, ఎగిరాను కూడా. అన్న పీరు పక్కనే నడుస్తున్నాడు. ఊరి నడుమ బొడ్రాయి దగ్గర డప్పుల వరస మారింది. అన్న ఆగిపోయాడు. బీరన్నకు ఎదురుగా వచ్చి రెండు చేతులూ చాపాడు.  బీరన్న ఆయన మొహం చూశాడు, వదిన ఎక్కడుందా అని వెనక్కి చూశాడు, పీరును చేతుల్లో పెట్టేశాడు. కాదనడానికి వాడికెక్కడ చేతనవుతుంది.

ఊరు ఒక్కసారి గొల్లుమన్నది. ఖుద్దూస్ ఎత్తాడు, ఖుద్దూస్ ఎత్తాడు అని కబురు వెనక్కి పాకింది. ఆయన పీరును తలకు పైకి ఎత్తి గిరగిర తిప్పాడు. నిజం చెప్పాలంటే అంత అందంగా ఎత్తడం నేను మళ్లీ చూడలేదు. కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

నాలుగిళ్లు దాటామో లేదో ఆయన వంగిపోయాడు. ఒళ్లంతా వణికింది, చెమటలు కారాయి, కళ్లు తేలేశాడు, పళ్లు కొరికాడు.

"పీరు లేసిండు" అని ఎవరో అరిచారు.

ఇక ఆపేవాడెవడు. డప్పులు రెట్టింపయ్యాయి. బిందెల మీద బిందెలు ఆయన కాళ్ల మీద కుమ్మరించారు. ఆయన ఎంత మూలిగితే వీళ్లు అంత గట్టిగా కొట్టారు. అందరినీ తోసుకుని గుర్వమ్మ అవ్వ ముందుకొచ్చింది. ఆమె కోడలు జానమ్మకు ముందురోజు నుంచి నొప్పులొస్తున్నా కాన్పు కావడం లేదు.

"పీరయ్యా, కోడలు తన్నుకలాడుతాంది. బిడ్డ బయటికొస్తలేదు. ఏం చెయ్యమంటవు తండ్రీ?"

అన్న నోరు తెరిచాడు. "దవాఖాన" అన్నాడు. "దవాఖానకు తీస్కపోండ్రి. జల్ది. సచ్చిపోత."

"ఇన్నరా, నా కోడలు సచ్చిపోతదట. దవాఖానకు తీస్కపొమ్మంటున్నడు" అని గుర్వమ్మ వెనక్కి తిరిగి ఒకటే పరుగు. ఆమె కొడుకు సైకిలు మీద రోడ్డెక్కి, కేతేపల్లి నుంచి కిరాయి జీపును పట్టుకొచ్చాడు. ఆలోపల ఇక్కడ ఖుద్దూస్ అన్న మళ్లీ "దవాఖాన" అన్నాడు. గుంపులో అందరూ చేతులు జోడించి, జీపుకు పంపినం పీరయ్యా, ఫికర్ చెయ్యకు అని ఆయనకే ధైర్యం చెప్పారు. వెర్రి ఎన్ని విధాలో ఆ రోజు చూశాను. నేనూ చేతులు జోడించినదాన్నే.

అప్పుడు అన్న ఒక పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

ఆడవాళ్ల గుంపులో వెనకబడి, అప్పుడే ముందుకు చేరిన షరీఫా వదిన అది చూసింది. పీరు ముందుకు ఆడవాళ్లు నీళ్లు పోయడానికి వస్తారు గాని ఎత్తేవాళ్ల నడుమకు రారు. ఆమె మగవాళ్లను పక్కకు నెట్టి నడుమకు వచ్చింది. ఆయన చొక్కా ఎత్తి దట్టీ కింద చెయ్యి పెట్టింది. తర్వాత నాతో అన్నది, లోపల రాయి తగిలిందని. దట్టీ ముడి విప్పింది. ఉబ్బు పిడికిలంత అయి, ఎర్రగా, నిగనిగలాడుతోంది.

"డప్పులాపుండ్రి" అన్నది. ఎవరూ వినలేదు. పక్కనున్నవాడి చేతిలోంచి డప్పు గుంజి కింద పడేసింది. అప్పుడు విన్నారు.

"పీరు రాలేదు. ఈయన పేగు మెలివడ్డది. దవాఖాన అని ఆయన కోసమే మొత్తుకుంటున్నడు. బీరన్నా, పట్టుకో."

బీరన్న అన్నను చంకల కింద పట్టుకున్నాడు. కాని అన్న చేతులు పీరును వదలడం లేదు. పీరు నేలకు తగలకూడదు, తాగినవాడి చేతికి ఇవ్వకూడదు. చుట్టూ ఉన్న మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కి జరిగారు. పొద్దున్నే కల్లు మండువకు పోయి వచ్చినవాళ్లే అందరూ. పీరు ఒక పక్కకు ఒరిగింది. వదిన కొంగు నడుముకు దోపి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నది.

"నేను ఉపాసమున్న. ఇడువు" అన్నది మొగుడితో. ఆయన వదిలాడు.

బీరన్న ఆయన్ను గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని రోడ్డు వైపు పరుగు తీశాడు. వెనక షరీఫా వదిన ఖాసీం పీరును నిటారుగా పట్టుకుని పరుగు. పీరు ఎటుపోతే సవారి అటే పోవాలి కదా, చిన్న పీర్లు, ఊదు పొగ, బిందెలు, పిల్లలు, ఊరంతా ఆమె వెనక పరుగు. డప్పులవాళ్లకు చేతులు ఊరుకోలేదు, మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు. ఈసారి ఎవరూ ఆపలేదు.  వాగుకు పోవలసిన సవారి ఆ రోజు హైదరాబాద్ రోడ్డెక్కింది. లారీల వాళ్లు బండ్లు ఆపి దండం పెట్టుకున్నారు.

రోడ్డు మీద జీపు ఉంది. జానమ్మను ఎక్కించి, ఇక కదలబోతోంది. అది లేకపోతే మరొక బండి ఎప్పుడు దొరికేదో ఎవరికి తెలుసు. అన్నను జీపులో సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట పడుకోబెట్టారు. వదిన పీరును బీరన్నకు అప్పగించి ఎక్కింది. జానమ్మ తల ఒళ్లో పెట్టుకోవడానికి నేనూ ఎక్కాను. జీపులో ఒకరు "అమ్మా" అంటే ఇంకొకరు "అల్లా" అంటున్నారు. డ్రైవరు ఎక్కడా ఆపకుండా సూర్యాపేట చేర్చాడు.

ఇద్దరికీ ఆ పూటే ఆపరేషన్ అయింది. జానమ్మ కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉంది, కోసి తీశారు. మగపిల్లవాడు. అన్న పేగు నల్లబడటం మొదలైందట. ఇంకొంచెం ఆలస్యమైతే కోసి పారేయవలసి వచ్చేదట. వేడి నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టాక మళ్లీ రంగు తిరిగింది, లోపలికి పెట్టి సందు గట్టిగా కుట్టారు.

మర్నాడు గుర్వమ్మ అవ్వ ఎండుకొబ్బరి కుడకలు, చక్కెర తెచ్చి అన్న మంచం మీద పెట్టింది. ఆయన సిగ్గుపడ్డాడు.

"అవ్వా, నేను నా కోసం మొత్తుకున్న. నీ కోడలి సంగతి నాకు ఇనబడనే లేదు."

"నువ్వు నీ కోసమే అన్నవ్ బిడ్డా. నా చెవుల వేసినోడు పీరయ్య" అన్నది ఆమె. 

డాక్టరు వచ్చి కుట్టు చూసి, ఈసారి మాట వినకపోతే మూడోసారి కుట్టడానికి కండ మిగలదని చెప్పాడు. ఎద్దుల పని మానాలి, బరువు ఎత్తే పని ఏదీ పనికిరాదు. ఆయన పోయాక అన్న మెల్లగా వదిన వైపు తిరిగాడు.

"ఎద్దుల పని ఇడుస్త. కాని పీరుకు బరువుండదే. అది పట్టినోళ్లకే ఎరుక, వేరేటోళ్లకు తెల్వదు."

ఇలాంటి మాటకు ఊళ్లో ఏ ఆడది ఎదురు చెప్పగలదు? ఎవరు పట్టుకున్నారు గనక? షరీఫా వదిన మంచం పట్టీ మీద కూర్చుంది. రెండు అరచేతులూ విప్పి ఆయన ముందు పెట్టింది. కర్ర ఒరిపిడికి బొబ్బలెక్కి ఉన్నాయి.

"నేను పట్టిన" అన్నది. "మస్తు బరువున్నది."

ఆయన ఆ చేతులను చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని నేను లేచి బయటికి పోబోయాను. గుమ్మం దగ్గర ఉండగా ఆయన గొంతు వినిపించింది.

"బీరన్నకు చెప్పు. వచ్చే యేడు తిప్పేటప్పుడు ఎడమ చెయ్యి పైన పట్టమను. నిన్న కుడి చెయ్యి పెట్టిండు."