మెడ దాకా ఇసుకలో

వేట నిషేధం ఉన్న రోజుల్లో మా ఊరి మగవాళ్లకు పెద్దగా పని ఉండదు. బోట్లన్నీ జువ్వలదిన్నె రేవులో కట్టేసి ఉంటాయి. అలాంటి ఒక వేసవిలో, రేవుకు దూరంగా ఉన్న ఇసుక దిబ్బల మీదికి ఒక సినిమా బృందం వచ్చింది. పాతకాలపు రాజు ఒకడు సైన్యంతో ఎడారి దాటే కథ. సముద్రం కనబడకూడదని కెమెరాను ఎప్పుడూ పడమటికే తిప్పి పెట్టేవారు. అటువైపున్న సరుగుడు తోపులను తరువాత కంప్యూటర్లో చెరిపేస్తామన్నారు.

నేను తలపాగాలు చుట్టే పనికి కుదిరాను. మా చిన్నాన్న సైనికుల గుంపులో ఒకడిగా వెళ్లాడు. ఉప్పుగాలికి తోలు బిరుసెక్కిన ఆయన ముఖం చూసి దర్శకుడు వేషం మార్చాడు. సైన్యానికి తప్పుదారి చూపిన ద్రోహిని మెడ దాకా ఇసుకలో పాతి, రాజు వెళ్లిపోతాడు. ఆ ద్రోహి మా చిన్నాన్న.

ఆ రోజు పొద్దుటి నుంచి గాలి లేదు. తూర్పున మబ్బు కదలకుండా నిలబడి ఉంది. తెచ్చిన ఒంటె మేత ముట్టకుండా తాడు గుంజుతోంది. దిబ్బల మధ్య పల్లంలో తవ్విన గోతిలో ముందు అడుగు తీసేసిన ప్లాస్టిక్ డ్రమ్ము దించి, అందులో చిన్నాన్నను నిలబెట్టి చుట్టూ ఇసుక పోశారు. డ్రమ్ము అంచు కెమెరాలో కనబడుతోందని కాసేపటికి ఆయన్ను పైకి రప్పించి దాన్ని తీసేశారు.

“అడుగున తడిగా ఉండాది సార్,” అన్నాడు చిన్నాన్న.

“ఒక్క షాటే. ఈ మబ్బు వెలుతురు మళ్లీ దొరకదు,” అన్నాడు దర్శకుడు.

చిన్నాన్న నావైపు చూసి, “ఒకటేనంట పాపా. అయిపోతానే అన్నానికి పోదాం,” అని మళ్లీ గోతిలోకి దిగాడు.

ఈసారి ఇసుక నేరుగా ఒంటి మీదే పడింది. మనుషులు పారలతో పోసి, కాళ్లతో అదిమారు. రాజు ఒంటె మీద పెద్ద ఉపన్యాసం చెప్పి కదిలాడు. చిన్నాన్న “ప్రభూ” అని ఒక్కసారి పిలవాలి. పిలవలేదు. సముద్రం పోటు మీదుంది. మెడ చుట్టూ తెల్లగా ఉన్న ఇసుక మెల్లగా తడిసి నల్లబడుతోంది. ఆయన నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మాట రావడం లేదు.

“బాగా చేస్తున్నాడు. ఆపొద్దు,” అని దర్శకుడు గొంతు తగ్గించి అన్నాడు.

చిన్నాన్న కళ్లు నాకోసం వెతికి, నన్ను పట్టుకున్నాయి. పెదవులు కదిలిన తీరు చూస్తే అది “ప్రభూ” కాదని తెలిసింది. “పాపా” అంటున్నాడు. చేతిలో గుడ్డ పారేసి పరుగెత్తాను. నా వెనక ఊరి మగవాళ్లు వచ్చారు. తవ్వేకొద్దీ పక్కనుంచి ఇసుక జారి గోతిలో పడుతోంది. చివరికి దర్శకుడు కూడా మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తోడాడు. బయటికి తీసేసరికి చిన్నాన్న పెదవులు నీలంగా ఉన్నాయి. ఛాతీ మీద చెయ్యి వేయబోతే తోసేశాడు.

సినిమా విడుదలయ్యాక ఇద్దరం కోవూరులో చూశాం. నాకు వద్దనిపించినా, చిన్నాన్న పట్టుబట్టాడు. నిజం చెప్పాలంటే అది సామాన్యమైన సినిమా. నీళ్లు దొరక్క చచ్చిపోతున్నామనే రాజు పెదవి ఒక్కచోట కూడా పగలలేదు. తుఫాను వచ్చే ముందు డప్పులు మోగి మనకు కబురు చెబుతాయి. ఒంటెలు గుర్రాల్లా ఉరుకుతాయి. రాణి ఎడారి మధ్యలో పాట పాడుతుంది, ఆమె పట్టుచీర మీద దుమ్ము ఉండదు. అయితే ఆ దిబ్బలను చూపించిన పద్ధతి మాత్రం నన్ను కదలనివ్వలేదు. నేను పుట్టి పెరిగిన చోటు, ఎటు చూసినా దిక్కు తెలియని చోటుగా మారిపోయింది.

తరువాత చిన్నాన్న ముఖం తెరనిండా వచ్చింది. సంగీతం ఆపేశారు. ఊపిరి ఒక్కటే వినబడింది. ఈలలు వేస్తున్న హాలు నిశ్శబ్దమైపోయింది. సినిమా మొత్తంలో నిజమైన భయం అదొక్కటే. అంతకంటే బలమైన చోటు అందులో లేదు. నా నీడ ఇసుక మీద పడే లోపలే కత్తిరించి, రాజు దగ్గరికి వెళ్లిపోయారు.

చిన్నాన్న సినిమా అయిపోయేదాకా రెప్ప వేయకుండా చూశాడు. జనం బయటికి పోతున్నా కుర్చీలోంచి లేవలేదు.

“పోదాం పా చిన్నాన్నా,” అన్నాను.

“ఉండు. నన్ను పైకి తీసింది ఇంకా రాలేదు కదా.”

“అది పెట్టలేదు. కథలో ఆయన చచ్చిపోయినాడు.”

ఆయన తెల్లటి తెరవైపే చూస్తూ, “అయితే ఇంకా ఆడనే ఉండానన్న మాట,” అన్నాడు. ఆ మాటలో నవ్వు లేదు.

వేట మొదలయ్యాక మళ్లీ సముద్రం మీదికి వెళ్తున్నాడు. కానీ ఇంట్లో ఇప్పుడు పడుకోడు. గోడకు ఆనుకుని, కూర్చునే నిద్రపోతాడు. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా పిన్ని లేచి కట్టేస్తుంది. కట్టేయొద్దని ఆయన అంటాడు.