తంతి వచ్చింది

చావుబతుకుల కబురు వచ్చినప్పుడు మీరెప్పుడైనా పకపకా నవ్వారా?

కబ్బన్‌పేటలో పట్టుచీరలు నేసే ఓబళప్ప నవ్వాడు. అతనితోపాటు అతను పనిచేసే కొట్టంలో మగ్గాల మీద ఉన్నవారందరూ నవ్వారు. నేనిది రాస్తున్నది అతని పక్షాన వాదించడానికి కాదు. అతని మీద ఎవరూ నేరం మోపలేదు. అయితే న్యాయశాస్త్రం చదివినదాన్ని గనుక, ఒక నష్టం జరిగితే అందుకు బాధ్యులెవరో తేలేదాకా నా మనసు నిలవదు. ఈ నష్టానికి బాధ్యులెవరో నాకు ఇప్పటికీ తేలలేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగియడానికి ముందటి ఏడాది మాట. ఓబళప్పకు అప్పటికి నలభై ఆరేళ్ళు. భార్య అక్కయమ్మ. పిల్లలు లేరు. వెనుక వీధి కొట్టంలో అతను మగ్గం మీద కూర్చుంటే ఆమె పక్కనే రాట్నం తిప్పుతూ కండెలకు పట్టు చుట్టేది. పాతికేళ్ళుగా మా వీధికి ఆ రెండు చప్పుళ్ళూ కలిసే వినబడేవి. ఒక ఆదివారం ఇద్దరూ యశవంతపురంలో పెళ్ళికి వెళ్ళి నడిచి వస్తుండగా, జాలహళ్ళి శిబిరంలోని ఇటలీ యుద్ధఖైదీలు కొందరు కాపలావాళ్ళ నడుమ దారి పక్కన కూర్చుని కనిపించారు. వారిలో ఒకడు ఒడిలో చిన్న వాద్యం పెట్టుకుని వాయిస్తున్నాడు. అక్కయమ్మ నిలబడిపోయింది.

“ఇదేం వాయిద్యమో గానీ, ఏడస్తానే నగతాండాది” అన్నది.

ఆ పాటలో ఒక ముక్కను ఇల్లు చేరేదాకా కూనిరాగం తీస్తూనే నడిచింది. మరునాటి నుంచి రాట్నం దగ్గరా అదే రాగం.

ఆ ఏడే ఆమెకు క్షయ అని తేలింది. మగ్గాల ధూళి తగలని చోట ఉంచమన్నారు వైద్యులు. ఆమె తమ్ముడు మునినారాయణప్పకు దేవనహళ్ళిలో చక్కోత అనే పంపరపనసల తోట ఉంది, అక్కడికి పంపారు. తిరగని రాట్నాన్ని ఓబళప్ప ఒక నెల చూశాడు. తరువాత తెల్లవాళ్ళ పటాలాలుండే దండుకు వెళ్ళి, అంగడి అద్దం వెనుక కనిపించిన ఆ వాద్యమే, కొత్త మాండొలిన్ ఒకటి కొని తెచ్చాడు.

నేర్పేవారు లేరు. అక్కయమ్మ తీసిన కూనిరాగమే గురువు. తీరిక దొరికితే అరుగు మీద కూర్చుని, ఒక్కొక్క స్వరాన్నీ వెదికి పట్టుకునేవాడు. ఎదురింటి కాఫీ హోటలు నంజప్ప ఊరుకుంటాడా?

“ఏమప్పా ఓబళప్పా, నా అంగడి ముందర కూర్చొని వాయించు. గిరాకీ పారిపోతే మిగిలిన ఇడ్లీలన్నీ నీకే.”

“పారిపోయేది నీ ఇడ్లీలు చూసి గదప్పా. నా పాట మింద ఎందుకు నింద?”

ఆ నెలల్లో అతను పొందిన ఆనందాన్ని నేను కళ్ళారా చూశాను. కొనడంతో అతనికి తనివి తీరలేదు. ఆ వాద్యానికి కావలసినవన్నీ తన చేతులతోనే చేయాలనుకున్నాడు. తంతులు మీటడానికి అంగడివాడిచ్చిన బిళ్ళ వారంలో విరిగింది. గూటిలో అక్కయమ్మ వదిలి వెళ్ళిన కొమ్ము దువ్వెన ఉంది. దాని అంచు కోసి, బండ మీద అరగదీసి, ఆముదం రాసి నున్నగా చేసి, గోరంత బిళ్ళ తయారుచేశాడు. “ఆమె దువ్వెన గదమ్మా, ఆమె పాటకు చిక్కులుంటే అదే తీస్తాది” అని నాకు చూపించాడు. చీర కోసిన తరువాత మగ్గం మీద మిగిలిపోయే మూరెడు పడుగును ఎవరూ లెక్కచేయరు. అటువంటి కొసల మీద రెండు వేళ్ళ వెడల్పున జరీ అంచుతో పట్టీలు నేసి, ఒకదానికొకటి కుట్టి, మెడలో వేసుకునే పటకా చేశాడు. తంతులను ఎత్తిపట్టే చిన్న చెక్క వంగిపోతే, మగ్గంలో పేక పోగును మోసే నాడె విరిగినదొకటి తీసి చెక్కి దాని స్థానంలో నిలిపాడు. టీ ఆకుల పెట్టె పలకలతో మాండొలిన్ ఆకారానికి సరిపడే పెట్టె చేసి, లోపల పట్టుపీలికలు పరిచాడు. మూత తెరిస్తే టీ వాసన, పట్టు వాసన కలిసి వచ్చేవి.

ఒక్క వస్తువును మాత్రం అతను చేయలేకపోయాడు. తంతిని.

మాండొలిన్‌కు ఎనిమిది తంతులు. రెండేసి చొప్పున నాలుగు జతలు. జతలోని రెండిటిదీ ఒకే స్వరం. పాట చేతికి వచ్చిన వారంలోనే అన్నిటికన్నా సన్నని జతలో ఒక తంతి తెగింది. యుద్ధకాలం; దండులో దొరకలేదు. అంగడివాడు మద్రాసు నుంచి తపాలాలో తెప్పిస్తానన్నాడు, పది రోజులన్నాడు. ఇరవై రోజులు గడిచాయి. ఓబళప్ప కనిపించినవారికల్లా చెప్పుకున్నాడు: “నా తంతి వస్తే రవంత చెప్పండప్పా.” వీధి వీధంతా అతన్ని ఎగతాళి చేసే పలకరింపు కూడా అదే అయింది: “ఏమప్పా, వచ్చిందా తంతి?”

అతని తొందర ఊరికే పుట్టింది కాదు. కిందటిసారి దేవనహళ్ళి వెళ్ళినప్పుడు అక్కయమ్మ తోట గేటు దాకా వచ్చి సాగనంపింది. “ఇంగోసారి చేతులూపుకుంటా వచ్చినావంటే ఈ గేటు తీసేది లేదు. ఆ పాట తెచ్చేట్లుంటే రా” అని, దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆమెది వేళాకోళం. అతను దాన్ని ఒట్టుగా తీసుకున్నాడు.

ఓబళప్పకు చదువు రాదు. అతనికి వచ్చే ఉత్తరాలు నేనే చదివేదాన్ని. తంతి తెగిన సంగతి తెలిసి ఆమె తమ్ముడి చేత ఒక కార్డు రాయించింది. “ఉండేదాంతోనే వాయించు. బిన్నా రా.” అంతే. త్వరగా రమ్మనే ఆ రెండు ముక్కల కింద మునినారాయణప్ప, అక్క బాగా చిక్కిపోయిందని తన మాటగా కలిపాడు.

“వెళ్ళు మరి. ఒకటి తెగితే ఏం? దాని జత అదే స్వరం పలుకుతుంది కదా!” అన్నాను విసుగ్గా.

“లాయరమ్మా, ఒగ పోగు తెగితే మగ్గం నిలపాల. నిలపకుండా నేస్తే చీర పొడుగునా గీత పడతాది. చూసేవాళ్ళకు కనపడదు. పక్కన కూర్చొని కండెలు చుట్టినదానికి తెలుస్తాది. పాతికేండ్లు నా మగ్గం పక్కన ఉండిన ఆమెకు గీత పడిన పాట ఇచ్చేదా?”

ఒక పనివాడి నియమానికి గౌరవమిచ్చి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండవలసింది.

మరి నాలుగు రోజులకు, ఉదయం పదకొండు గంటల వేళ, తపాలా కచేరీ నుంచి టెలిగ్రాము తెచ్చే మనిషి సైకిలు మీద వచ్చాడు. ఓబళప్ప ఇంటికి తాళం; అతను వెనుక వీధిలోని మగ్గాల కొట్టంలో ఉన్నాడు. నంజప్ప సంతకం పెట్టి కవరు తీసుకున్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు, ఆ వేళ నేను ఇంట్లో లేను, అతను పొయ్యి విడిచి కదలడానికి లేదు. అటుగా వెళుతున్న గౌరమ్మను పిలిచాడు. ఆమె కండెలు మోసుకుని ఆ కొట్టానికే వెళుతున్నది.

“గౌరమ్మా, ఓబళప్పకు తంతి వచ్చిందని చెప్పు. బిన్నా రమ్మను.”

టెలిగ్రామును మా పేటలో తంతి అనే అంటారు. మాండొలిన్‌కు కట్టేదాన్నీ తంతి అనే అంటారు. రెండిటికీ మూలం లోహపు తీగే కనుక కన్నడంలోనూ అదే మాట, మా తెలుగులోనూ అదే మాట.

గౌరమ్మ కొట్టం గడప దాటుతూనే అరిచింది. “ఓబళప్పా, నీ తంతి వచ్చిందంట! నంజప్ప తావ ఉండాది. బిన్నా రమ్మన్నాడు!”

మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. “వచ్చేసిందప్పా మద్రాసు మహారాణి!” అన్నాడు ఒకడు. “ఇంగ మన చెవులు పాయె” అన్నాడు పెద్దవాడైన సొన్నప్ప. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ ఓబళప్ప నవ్వాడు.

“నంజప్పకు నాకన్నా తొందర! వచ్చింది యాడికి పోతాది? ఈ అతుకు పని ముగించుకొని పోతా. రేప్పొద్దున మొదటి బస్సుకే దేవనహళ్ళికి.”

ఆ రోజు అతను పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగు పోగుగా అతుకుతున్నాడు. వేల పోగులు. మధ్యలో లేస్తే చిక్కుపడుతుంది. అన్నానికి కూడా లేవకుండా, ఆ రాగమే ముక్కుతో తీస్తూ, సాయంత్రం అయిదింటికి ముగించాడు. తిన్నగా ఇంటికి పోయి, చేతులు కడుక్కుని, మాండొలిన్‌ను మెడలో వేసుకుని, కొత్త తంతిని అక్కడికక్కడే కట్టి నంజప్పకు వినిపించాలని హోటలుకు వచ్చాడు.

“ఏదప్పా నా తంతి?”

నంజప్ప అతని మెడలోని వాద్యాన్ని చూశాడు. గల్లాపెట్టె మీద ఉన్న కవరును చూశాడు. అప్పుడు అతనికి అర్థమైంది.

కవరును నా దగ్గరకు తెచ్చారు. అక్కయమ్మకు విషమంగా ఉంది, వెంటనే బయలుదేరు. నేను చదివింది అంతే.

పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులు టెలిగ్రాము వచ్చాక రెండే: మధ్యాహ్నం పన్నెండుకు ఒకటి, నాలుగింటికి ఆఖరుది. రెండూ వెళ్ళిపోయాయి. ఓబళప్ప దేవనహళ్ళి మీదుగా పోయే బళ్ళారి దారి పట్టి నడిచాడు. మాండొలిన్‌ను మెడలోంచి తీయాలని అతనికి తోచలేదు. తీసుకోవాలని మాకూ తోచలేదు. తెల్లవారాక తోట గేటు చేరాడు. గేటు తెరిచే ఉంది. వాకిట్లో జనం ఉన్నారు. అక్కయమ్మ కిందటి సాయంత్రం దీపాల వేళకు పోయింది.

మునినారాయణప్ప బావను నిందించలేదు. మాండొలిన్‌ను చూసి, “సందేళ దాకా గేటు కల్లే చూస్తా ఉండె, బావా” అన్నాడు. అంతకన్నా నింద ఏముంటుంది?

పన్నెండు గంటల బస్సు ఎక్కి ఉంటే మూడింటికల్లా చేరేవాడు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేశానో! టెలిగ్రాము తెచ్చినవాడు తన పని చేశాడు. నంజప్ప కబురు పంపాడు. గౌరమ్మ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఆమె నా దగ్గర కూర్చుని, “నేను నగతా చెప్పితినమ్మా, నగకుండా చెప్పుంటే లేచేవాడేమో” అని కొంగు నోట కుక్కుకుంది. సాక్షులందరూ నిజమే చెప్పారు, ఎవరూ విధి తప్పలేదు, ఒక మనిషి మాత్రం గేటు వైపు చూస్తూ చనిపోయింది. దీన్ని విచారించగల న్యాయస్థానం ఏదో నాకు ఎవరూ నేర్పలేదు.

కర్మలు ముగించుకుని ఓబళప్ప తిరిగి వచ్చాక, మూడో రోజున మద్రాసు నుంచి తంతి వచ్చింది. ఆ మాటను అప్పటికి వీధిలో అందరూ మానేశారు. తపాలా జవాను ఆదినారాయణప్ప అరుగు దగ్గర తల వంచుకుని నిలబడి, “ఓబళప్పా, పార్సిలు ఉండాది” అన్నాడు.

ఓబళప్ప దాన్ని విప్పలేదు. టీ పెట్టెలో మాండొలిన్ పక్కన పెట్టి మూత వేశాడు. మళ్ళీ మగ్గం ఎక్కాడు. కండెలు గౌరమ్మ తన ఇంటి నుంచి చుట్టి తెచ్చేది. అతని మగ్గం పక్కన రాట్నం చప్పుడు లేదు. ఏడాది దాకా పాటలు కూడదని సొన్నప్ప చెప్పినప్పుడు అతను తల ఊపాడు. ఇక ఆ పెట్టె తెరవడనే మేమందరం అనుకున్నాం.

అక్కయమ్మ పోయి నెలకు జరిపే నెల దినానికి రెండు రోజుల ముందు నా దగ్గరకు వచ్చాడు. చేతిలో ఖాళీ కార్డు ఉంది.

“మునినారాయణప్పకు రాయి లాయరమ్మా. నెల దినానికి మధ్యాహ్నం బస్సుకు వస్తాండానని. మాండొలిన్ తెస్తాండానని.”

“ఏడాది దాకా కూడదన్నారు కదా?”

“అననీ.”

“కొత్త తంతి కట్టావా?”

“కట్టేది లేదమ్మా. ఉండేదాంతోనే వాయించమనె గదా ఆమె. ఏడింటితోనే వాయిస్తా. గీత పడనీ.” కార్డును నా ముందుకు జరిపాడు. “గేటు తీసి పెట్టమని కూడా రాయి.”