పాస్‌వర్డ్ అడగని విచారణ

మేత పోరంబోకులో పలకరాయి తవ్వేస్తున్నారని నిన్న పేపర్లో రాశాను. ఈ రోజు పొద్దున్నే పోలీసులు విచారణ అంటూ నా ల్యాప్‌టాప్ పట్టుకుపోయారు. మధ్యాహ్నానికే తిరిగి ఇచ్చేశారు.

సాయంత్రం గిద్దలూరులో టీ తాగుతుంటే, ఆ తవ్వకాల ఫొటోలు నాకిచ్చిన పెద్దాయన సంగతి తెలిసి వెతుక్కుంటూ వచ్చాడు. ఫోన్ చేయడానికి భయపడి ఆటో ఎక్కాడట. ఊరూ పేరూ చెప్పను. గొర్రెలు కాస్తాడు. మా వైపు అలాంటివాళ్లు ఊరికి పాతికమంది.

"నా పేరు దాంట్లో ఉందా, నాయనా?"

"ఉంది పెద్దయ్యా. కానీ డిస్కు మొత్తానికి తాళమేసినా. నా పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేరు."

"మరి నిన్ను అడిగినారా?"

"అడగలేదు."

టీ గ్లాసు చేతిలో పట్టుకున్నాడే గానీ తాగలేదు. "ఆ తాళం నువ్వే చేసినావా?"

"లేదు, కంపెనీ వాళ్లు చేసినారు."

"మంద చుట్టూ కంప కట్టినోనికి సందు యాడుందో తెలుస్తాది. దొంగ నన్నెందుకు లేపుతాడు? వాణ్ణే అడుగుతాడు."

ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ప్రభుత్వాల కోసం దొడ్డిదారి వదులుతారని ఎన్నోసార్లు చదివాను. పుకారని కొట్టిపారేశాను. ఆయనతో మాత్రం అది పుకారని అనలేకపోయాను. టీ అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

కంప్యూటర్లు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. పోలీసులకు తెరవడం చేతకాలేదా, నాతో పని పడలేదా? పాస్‌వర్డ్ చెప్పమని గట్టిగా గద్దించి ఉంటే ఈ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి.