పోతురాజు గారి ఇంట్లో పదమూడో ఛానెల్

రౌటర్ కొనడానికి మా షాపుకొచ్చే వాళ్లలో చాలామంది మొదట అడిగేది ఒకటే: "దీనికి యాంటెనాలు ఎన్నండీ?" ఒకప్పుడు నేనూ అలాగే ఆలోచించేవాణ్ణి. అడగాల్సింది అది కాదని నాకు ఒక ఇల్లు నేర్పింది. ఆ ఇంట్లో నేను చేసిన తప్పు, అది దొరికిన తీరు నేను చదివిన ఏ పుస్తకంలోనూ కనపడలేదు. సొంతంగా చదువుకుంటూ పని నేర్చుకునే నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్లకోసమైనా ఇది రాసి ఉంచాలనిపించింది.

మూడేళ్ల కిందటి భాద్రపద మాసం. నరసాపురంలో నాది చిన్న షాపు. సీసీ కెమెరాలు, రౌటర్లు, ఇన్వర్టర్లు అమ్ముతాను, బిగిస్తాను. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. నెట్‌వర్కింగ్ అంతా శాఖా గ్రంథాలయంలో కూర్చుని, ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, డిక్షనరీ ఒక పక్క పెట్టుకుని నేర్చుకున్నదే. రాసుకున్న నోటుపుస్తకాలు పదకొండు ఉన్నాయి. వాటిని చూసుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

ఒకరోజు పొద్దున్నే సముద్రం వైపు పల్లె నుంచి నాగమణి గారు వచ్చారు.

"బాబూ, నోటితో చెబితే ఫ్యాను తిరుగుతుందంట గదా. మా ఆయనకి అది కావాలి."

ఆవిడ భర్త పోతురాజు గారు చేపల బోటు నడిపే సరంగు. అంతకు రెండేళ్ల ముందు బోటు మీద జారిపడి మెడకు దెబ్బ తగిలింది. భుజాల కింద ఏమీ కదలదు. మాట స్పష్టంగానే ఉంటుంది గానీ ఊపిరి బలం తగ్గి గొంతు గది దాటి వినపడదు. నాగమణి గారు అంతకుముందు నరసాపురం మార్కెట్టులో చేపలు అమ్మేవారు. ఆయన మంచాన పడ్డాక మానేశారు. ఆవిడ కూర్చునే చోటును పక్కనే అమ్ముకునే లక్ష్మమ్మ గారు దసరా దాకా ఎవరికీ పోనివ్వకుండా చూస్తానన్నారు. ఆ తర్వాత తన వల్ల కాదని కూడా చెప్పేశారు.

"ఆయన ఒక్కడూ నాలుగు గంటలుండగలిగితే చాలు బాబూ. నేను మళ్లీ మార్కెట్టుకెళ్తాను," అన్నారు.

నేను మూడు స్మార్ట్ స్విచ్‌లు బిగించాను. అంటే వైఫై ద్వారా వెలిగి ఆరే స్విచ్‌లు. ఒకటి ఫ్యానుకి, ఒకటి లైటుకి. మూడోది గోడ అవతల తోటికోడలు చిట్టెమ్మ గారింట్లో పెట్టిన గంటకి. అన్నిటికంటే ముఖ్యం ఆ గంటే. తలగడ దగ్గర మాట వినే స్పీకరు పెట్టాను. ఇక రౌటర్ విషయానికొస్తే, షాపులో అన్నిటికంటే ఖరీదైన మెష్ సెట్టు తీశాను. మెష్ అంటే రెండు మూడు డబ్బాలు కలిసి ఇల్లంతా ఒకే వైఫై ఇవ్వడం. "తనంతట తానే అన్నీ సర్దుకుంటుంది" అని అట్టపెట్టె మీద రాసి ఉంది. ఆ మాటే చెప్పి అమ్మాను.

మొదటి రోజు ఆ ఇంట్లో పండగే. ఫ్యాను తిరగమంటే తిరిగింది, ఆగమంటే ఆగింది. స్పీకరును దాని పేరుతో పిలిస్తేనే పలుకుతుంది కాబట్టి పోతురాజు గారు పదే పదే పిలుస్తున్నారు.

"చూశావా బాబూ," అన్నారు నాగమణి గారు. "పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను 'ఏమే' అనడమే గానీ పేరు పెట్టి పిలిచింది లేదు. ఆ డబ్బాని మాత్రం పొద్దుటి నుంచీ పేరు పెట్టి పిలుస్తున్నాడు!"

"అది ఎదురు చెప్పదే," అన్నారాయన.

నాలుగో రోజు నాగమణి గారు మార్కెట్టుకెళ్లి చూశారు. పది గంటలకు కరెంటు పోయి, కాసేపటికి వచ్చింది. ఫ్యాను తిరగలేదు. గంట కొట్టమంటే స్పీకరు "స్విచ్ పలకడం లేదు" అని ఊరుకుంది. చిట్టెమ్మ గారు అవతల వంట చేసుకుంటూనే ఉన్నారు, ఆవిడకు తెలియలేదు. ఆ రేకుల గదిలో ఆయన మధ్యాహ్నం దాకా చెమటలో తడిసిపోయి పడి ఉన్నారు. నాగమణి గారు నాకు ఫోను చేశారు. కోప్పడలేదు. "ఇంక నేను ఎక్కడికీ వెళ్లను బాబూ" అన్నారంతే. కోప్పడినా బాగుండేది.

వెళ్లి రౌటర్ ఆపి వేసి, అన్నీ మళ్లీ మొదటి నుంచి కలిపాను. పని చేశాయి. రెండు రోజులకు మళ్లీ ఆగిపోయాయి. పాస్‌వర్డ్ మార్చాను, స్విచ్‌లు మార్చాను. చిత్రమేమిటంటే ఫోన్లలో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, స్పీకరూ పలుకుతోంది, స్విచ్‌లు మాత్రం చచ్చినట్టు పడి ఉంటున్నాయి. మూడోసారి వెళ్లినప్పుడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుండిపోయాను.

పోతురాజు గారే మొదలుపెట్టారు.

"సూరిబాబూ, నేను కదల్లేను గానీ చూస్తానే ఉంటాను గదా. కరెంటు పోయొచ్చినప్పుడే ఇది చెడుతుంది. అదీ ప్రతిసారీ కాదు. నీ డబ్బా లేచాక ఏ ఛానెల్ మీద లేస్తుంది?"

"ఛానెలేంటండీ?"

"బోటులో వైర్‌లెస్ సెట్టు లేదూ? మా పల్లె బోట్లన్నీ ఒకే ఛానెల్ పెట్టుకునేవాళ్లం. ఒకసారి మా సెట్టు రిపేరుకెళ్లొచ్చింది. లైటు వెలుగుతానే ఉంది, గరగర వినపడతానే ఉంది. రెండు రోజులు అరిచాను, ఒక్కడూ పలకలేదు. చూస్తే నాబ్ వేరే నంబరు మీదుంది. ఇన్ని పుస్తకాలు చదివావంట, నీ దాంట్లో నంబర్లు ఉండవా?"

ఉంటాయి. నాలుగో నోటుపుస్తకంలో నా చేత్తో నేనే రాసుకున్నాను. వైఫై రెండు బ్యాండ్లలో, అంటే రెండు వేర్వేరు రేడియో దారుల్లో వస్తుంది. ఫోన్లు, స్పీకరు ఎక్కువగా వాడుకునేది 5 గిగాహెర్ట్జ్. స్మార్ట్ స్విచ్‌లు దాదాపు అన్నీ 2.4 మీదే నడుస్తాయి. ఆ 2.4లో మన దగ్గర ఒకటి నుంచి పదమూడు దాకా ఛానెళ్లున్నాయి. అయితే వేరే దేశాల లెక్కకు తయారైన కొన్ని స్విచ్‌లు పదకొండు దాకానే వినగలవు. రాసుకున్న సంగతి రెండు వారాలుగా నా బుర్రలో పడుకునే ఉంది.

ఫోనులో ఛానెల్ చూపించే యాప్ తెరిచాను. పదమూడు.

మెయిన్ స్విచ్ ఆపి, వేశాను. ఆరు. పోతురాజు గారు గంట కొట్టమంటే చిట్టెమ్మ గారింట్లో మోగింది. మళ్లీ ఆపి వేశాను. ఒకటి. మోగింది. అయిదోసారికి పదమూడు వచ్చింది, గంట మోగలేదు. ఎనిమిదోసారికి మళ్లీ పదమూడు, మళ్లీ మోగలేదు. కరెంటు వచ్చినప్పుడల్లా మెష్ డబ్బా తనకు నచ్చిన ఛానెల్ ఏరుకుంటోంది. పదమూడు ఏరుకున్న రోజున ఫోన్లకు వినపడుతుంది, స్విచ్‌లకు వినపడదు.

"దొరికిందండీ!" అని కేకేశాను.

"నాకు తెలుసు. నువ్వే ఆలస్యం," అన్నారు పోతురాజు గారు.

అయితే మనమే ఒక ఛానెల్ మీద దాన్ని నిలబెడదామంటే ఆ ఖరీదైన రౌటర్‌లో ఆ వీలే లేదు. తనంతట తానే సర్దుకోవడమంటే మనల్ని ముట్టుకోనివ్వకపోవడం అని అప్పుడర్థమైంది. దాన్ని వెనక్కి తీసుకుని షాపు నుంచి రెండే యాంటెనాల మామూలు రౌటర్ తెచ్చాను. అందులో 2.4కి వేరే పేరు పెట్టి, ఛానెల్ ఆరు మీద బిగించి, స్విచ్‌లన్నీ దానికే కలిపాను. కరెంటు పోయినా ఆగకుండా దానికొక చిన్న యూపీఎస్ కూడా పెట్టాను.

పరీక్ష కోసం ముందు యూపీఎస్ తీసేసి మెయిన్ స్విచ్ ఇరవైసార్లు ఆపి వేశాను. ప్రతిసారీ పోతురాజు గారు గంట కొట్టమన్నారు. ఇరవైసార్లూ మోగింది. ఆఖర్న చిట్టెమ్మ గారు గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చారు.

"ఏంటి బావగారూ, ప్రాణం మీదకొచ్చిందనుకుని మూడుసార్లు పరిగెత్తుకొచ్చాను. అక్కడ పులుసు అడుగంటిపోతుంది!"

"పరిగెత్తుకొస్తున్నావో లేదో కూడా చూడాలి గదమ్మా," అన్నారాయన. నాగమణి గారు నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

దసరాకి వారం ముందు నాగమణి గారు మార్కెట్టులో తన చోట కూర్చున్నారు. ఆ పొద్దున నాకు షాపులో కాలు నిలవక అక్కడికే వెళ్లాను. పదిన్నరకు కరెంటు పోయింది. ఆవిడ కత్తి ఆపి నా వంక చూశారు. కరెంటు వచ్చిన రెండు నిమిషాలకు ఆవిడ ఫోను మోగింది. ఈసారి నేను కొత్తగా పెట్టిన ఏర్పాటుతో, స్పీకరుకు చెప్పి పోతురాజు గారే చేశారు.

"ఫ్యాను తిరుగుతుంది. గంట కూడా కొట్టి చూశాను, చిట్టెమ్మ వచ్చి తిట్టి వెళ్లింది. నువ్వు మాటిమాటికీ ఇంటి వంక చూడక చేపలమ్ముకో, నాగమణీ."

పేరు విని ఆవిడ ఫోను వంక ఒక క్షణం అలాగే చూశారు. తర్వాత "పండుగొప్ప, పండుగొప్ప! ఇప్పుడే దిగింది!" అని మార్కెట్టంతా వినపడేలా కేక పెట్టారు. పక్కన లక్ష్మమ్మ గారు ఉలిక్కిపడి, "రెండేళ్ల అరుపులూ ఇవాళే అరిచేస్తావేంటే?" అన్నారు.

ఆ రోజు నుంచి స్మార్ట్ పరికరాల కోసం రౌటర్ కావాలని ఎవరొచ్చినా యాంటెనాలు లెక్కపెట్టను. 2.4ని విడిగా పెట్టుకోనిస్తుందా, ఛానెల్ మన చేత్తో నిలబెట్టనిస్తుందా, కరెంటు పోయొచ్చాక పెట్టినచోటే ఉంటుందా అని చూస్తాను. బిగించాక మెయిన్ స్విచ్ ఆపి వేసి చూడందే ఇల్లు దాటను. అంతకంటే ముందు, ఆ ఇంట్లో ఆ వస్తువుతో రోజంతా గడిపే మనిషి ఏం గమనించారో అడుగుతాను. చదివింది నా దగ్గర ఉంది, కాదనను. దాన్ని బయటికి తీయించిన ప్రశ్న మాత్రం మంచం మీద నుంచి వచ్చింది.

అడిగిన పుస్తకమల్లా జిల్లా గ్రంథాలయం నుంచి తెప్పించి ఇచ్చిన లైబ్రేరియన్ శారద గారికి, మార్కెట్టులో చోటు పోకుండా కాపాడిన లక్ష్మమ్మ గారికి, పులుసు అడుగంటుతున్నా గంట విని పరిగెత్తుకొచ్చిన చిట్టెమ్మ గారికి, నన్ను రెండోసారి, మూడోసారి కూడా గుమ్మంలోకి రానిచ్చిన నాగమణి గారికి, నాకు ఛానెల్ చెప్పిన సరంగు పోతురాజు గారికి నా కృతజ్ఞతలు.