వైరు తీసేసిన వ్యాన్‌లో హారన్

దెయ్యాలన్నా మహిమలన్నా నేను నవ్వేవాడిని. ఇప్పటికీ నమ్మను. అయినా ఆ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి, ముఖ్యంగా మా బామ్మర్ది సీనప్ప కోసం.

తొంభైల మొదట్లో మదనపల్లెలో నాకొక పాత పెట్రోలు వ్యాన్ ఉండేది. ఇంజన్ ముందు సీట్ల మధ్యనే, ఇనుప మూత కింద. పెట్రోలు పైపు పగిలితే కొత్తది వేయించలేదు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టాను. పెట్రోలుకు ఆ రబ్బరు నిలవదని తెలిసే కట్టాను.

కుప్పంలో పెళ్లికి బయల్దేరాం. పుంగనూరు దాటాక టీ కోసం ఆపాను. సీనప్ప బీడీ ఆర్పి నాతోపాటు దిగాడు. వెనక సీట్లో నా భార్య, రెండేళ్ల పాప నిద్రపోతున్నారు. పాత వైర్లు రాజుకుంటాయని, బండి ఆపినప్పుడల్లా బ్యాటరీ వైరు తీసేయడం నా అలవాటు. ఆ రోజూ తీశాను.

టీ గ్లాసు అందుకున్నానో లేదో, మా హారన్ ఆగకుండా మోగింది.

"పాప నొక్కతాండాదేమో బావా."

"వైరు తీసేసినా కదప్పా, యాడ మోగుతాది!" అంటూనే పరుగెత్తాను.

మూత అంచుల్లోంచి పొగ. వాళ్లిద్దరూ ఇంకా నిద్రలోనే ఉన్నారు. సీనప్ప వాళ్లను కిందికి దించి, వచ్చి మూత ఎత్తబోయాడు.

"ఎత్తొద్దురా! గాలి తగిలితే మంట భగ్గుమంటాది!"

ట్యాంకు దగ్గరున్న పెట్రోలు ట్యాప్ కట్టేశాను. సందుల్లోంచి ఇసుక పోసి, టీ అంగడాయన తడిపి ఇచ్చిన గోనెసంచులు చుట్టూ కుక్కాం. మంట లోపలే చచ్చింది. బాగా చల్లారాకే మూత తీశాను. ట్యూబు ఊడి, పెట్రోలు కాలే సైలెన్సర్ గొట్టం మీద కారింది. బ్యాటరీ వైరు నేను వదిలినట్టే పక్కకు వేలాడుతోంది.

ట్యూబు ముక్క జేబులో వేసుకుని, "వీని బీడీనే" అన్నాను.

ఆ తర్వాత ఏ పెళ్లికెళ్లినా "అగ్గిపెట్టె ఈడ పెట్టిపో సీనప్పా" అని ఎగతాళే. వాడూ నవ్వేవాడు. కానీ బీడీ మానేశాడు. పాపను ఎత్తుకోవడానికి మాత్రం జంకేవాడు. అది చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు.

పాప పదో తరగతి పాసైన రోజు చెప్పేశాను. 

"నా బీడీ కాదా? యాల సెప్పలేదు బావా ఇన్నేండ్లు? ఊరికే మానేస్తినే!"

తిడతాడనుకున్నాను. పాపను పిలిచి, తల మీద చెయ్యిపెట్టి, అట్లాగే ఉంచుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు మంచి నిద్ర పడుతోంది.

"పైపు సంగతి సరే. హారన్ ఎవురు కొట్నారు?" అన్నాడు వాడు చివరికి.

మేమిద్దరం విన్నాం, టీ అంగడాయన విన్నాడు. బండిలోనే పడుకున్న నా భార్య మాత్రం విననే లేదంటుంది. ఎంతమంది మెకానిక్కుల్ని అడిగినా కరెంటు లేకుండా మోగదన్నారు. నాకూ అదే తెలుసు.