ఎల్వుడ్ నాణెం మీది మూడు గీతలు

మా పెన్సిల్వేనియా పల్లెటూళ్ళో సగం ఇళ్ళ బాయిలర్లు బాగుచేసినవాడు ఎల్వుడ్ స్ట్రాసర్. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పని ఒక్కటే, నాణేల గురించి మాట్లాడటం. మా నాణేల సంఘం నెలకోసారి ఫైర్ స్టేషన్ మేడమీద హాల్లో కలుస్తుంది. అక్కడ కాఫీ పెట్టడం నా వంతు, ఉపన్యాసాలు ఆయన వంతు. కొత్తగా ఎవరు చేరినా ముందు ఆయన పాఠం వినాల్సిందే. నాణేన్ని అంచులతో పట్టుకోవాలి, పట్టుకున్నంతసేపూ నోరు మూసుకోవాలి, తుంపర పడితే మచ్చ దిగుతుంది. ఇంతా చెప్పి, నోరు మూసుకోలేనివాడు ఆయన ఒక్కడే.

ఆయన దగ్గరున్నది పదిహేడు వందల తొంభై అయిదు నాటి అయిదు డాలర్ల బంగారు నాణెం. ఒకవైపు టోపీ పెట్టుకున్న స్వేచ్ఛాదేవి, ఇంకోవైపు నోట దండ పట్టుకున్న బక్క గద్ద. అప్పట్లో దాని మీద విలువ అచ్చు వేసేవారు కాదు. ఆ లోటు ఎల్వుడ్ తీర్చేవాడు, అడిగినా అడక్కపోయినా. తండ్రి వదిలిన పొలం అమ్మి కొన్నాడట. ఆ ఏడాదంతా పెళ్ళాం తనతో సరిగ్గా మాట్లాడలేదని గొప్పగా చెప్పుకుంటాడు. ఆ నాణేన్ని ఎవరూ తోమలేదు, అతకలేదు, చిల్లు పెట్టి మెళ్ళో వేసుకోలేదు. పుట్టినప్పటి ఎర్రటి ఛాయ ఇంకా పోలేదు. అతుకు పడ్డ నాణెం ఎంత బాగా అతికినా దండగేనని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నాణెం మాత్రం ఏడాదంతా బ్యాంకు లాకర్లో ఉండేది. ఏడాదికోసారి మా బల్ల మీదికి వచ్చేది.

కిందటి వసంతంలో సంఘంలో చేరింది వెర్నా హాక్మన్. ఆవిడ భర్త క్లేటన్ బతికున్నంతకాలం సీసాల నిండా పాత ఒక్క సెంటు నాణేలు పోగుచేశాడు. ఆయన పోయాక, వాటిలో ఆయనకేం కనిపించిందో తెలుసుకుందామని వచ్చింది. వచ్చినప్పుడల్లా బెల్లంపాకంతో చేసిన షూఫ్లై పై అనే మిఠాయి తెచ్చేది. ఆఖరున కుర్చీలు సర్దేదాకా ఉండేది. ఇంటికి వెళ్ళాలని ఆవిడకు తొందర ఉండేది కాదు.

ఈసారి ఎల్వుడ్ నాణెం బల్ల మీదికి వచ్చిన నెలలోనే సంఘం కొత్త దీపం కొంది. వెలుతురు ఏటవాలుగా పడే రకం. పాత ట్యూబులైటు కింద కనపడని గీతైనా దాని కింద దాగదు. ఎల్వుడ్ నాణెం మఖమల్ గుడ్డ మీదుగా బల్లంతా తిరిగి, చివర వెర్నా చేతికొచ్చింది. ఆవిడ ఊపిరి కూడా బిగబట్టి చూసి, అంచులతో పట్టుకుని తిరిగి ఇచ్చింది. దీపం కింద పెట్టగానే ఎల్వుడ్ మొహం మాడిపోయింది. స్వేచ్ఛాదేవి జుట్టు మీద మూడు సన్నటి గీతలు.

"ఇవేంటి? ఏవమ్మా, ఉంగరంతో గీకేశావు కదూ!"

"నేనా? అంచులే పట్టుకున్నానండీ, మీరు చెప్పినట్టే..."

"మరి ఈ గీతలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? తియ్యి ఆ ఉంగరం, చూద్దాం."

వెర్నా తీయబోయింది. కీళ్ళవాతంతో వేలి కణుపు వాచిపోయి ఉంది, పెళ్ళినాటి ఉంగరం కదల్లేదు. అందరి ముందూ లాగి లాగి వేలు కందిపోయింది. నేను కాఫీ కప్పులు సర్దుతున్నట్టు నటించాను.

"ఉంగరాలు పెట్టుకునేవాళ్ళు ఇలాంటి చోటికి రాకూడదు," అన్నాడు ఎల్వుడ్.

ఆవిడ మిఠాయి తెచ్చిన పళ్ళెం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. తర్వాతి సమావేశానికి రాలేదు.

ఆ సమావేశం అయిన మర్నాడు పొద్దున్నే ఎల్వుడ్ మా ఇంటి తలుపు కొట్టాడు. నాణెం ఎంత పాడైందో తేల్చుకుందామని అప్పటికి గాని భూతద్దం పట్టలేదట. వంటింటి కిటికీ దగ్గర నా చేతికి అద్దం ఇచ్చి, "చూడు," అన్నాడు. గీతలు అంచు చుట్టూ పళ్ళలా ఉండే గాట్ల దాకా వెళ్ళాయి. జుట్టు ఎంత అరిగిందో గీతలూ అంతే అరిగి, నున్నబడి ఉన్నాయి. నిన్న మొన్న పడినవైతే పదునుగా ఉండాలి.

"ఇవి టంకశాలలో ఆకురాయితో గీసినవి కదయ్యా! బరువెక్కువైన బిళ్ళని గీకి సరిచేసి, ఆ తర్వాతే అచ్చు కొట్టేవారని బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పింది నువ్వే!"

"నేనే."

"మరి సొంత నాణెం మీద ఇన్నేళ్ళూ చూసుకోలేదా?"

"గద్ద వైపు పైకి పెట్టేవాణ్ణి. ధర చెప్పేవాణ్ణి. చూసిందెక్కడ?"

"అయితే నీ నాణేనికేం కాలేదన్నమాట."

"ఏం కాలేదు," అన్నాడు, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు. అంత సిగ్గుపడ్డ మనిషిని నేను చూడలేదు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఫోన్ చేసి చెప్పేస్తే పోదూ?" అని నన్నే బతిమాలాడు.

"పదిమందిలో అన్నావు. పదిమందిలోనే చెప్పాలి. ముందు వెళ్ళి ఆవిణ్ణి రమ్మని పిలు."

తోడు రమ్మంటే వెళ్ళాను. కారులో ఆయన చెప్పాల్సిన మాటలు పైకే వల్లె వేసుకున్నాడు. గుమ్మంలో వెర్నా కనపడగానే అవన్నీ మర్చిపోయాడు.

"ఆ గీతలు నీవి కావమ్మా. నువ్వూ నేనూ పుట్టకముందువి. నాది తప్పు. సమావేశానికి రా, అందరి ముందూ చెబుతాను."

వెర్నా గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆ వేలికి ఉంగరం లేదు. ఉన్నచోట తెల్లటి మచ్చ ఉంది.

"నేను గీకలేదా? నిజంగానా? అమ్మయ్య! నాకు నిద్రే పట్టలేదండీ." తర్వాత వేలికేసి చూసుకుని నవ్వింది. "వచ్చే నెల వద్దామనే అనుకున్నాను. ఉంగరం ఉంటే రానివ్వరు కదా అని కంసాలి దగ్గర కోయించేశాను. ఎంత లాగినా రాలేదు మరి."

లోపలికి వెళ్ళి సాసర్లో ఉంగరం రెండు ముక్కలూ తెచ్చింది. ఎల్వుడ్ ముట్టుకోలేదు.

"మీకు తెలుస్తుంది కదా, చెప్పండి. దీన్ని మళ్ళీ అతికిస్తే అతుకు కనపడుతుందా?"

ఎల్వుడ్ టోపీ తీసి చేతిలో నలిపాడు. ఆ ఒక్కసారి అబద్ధం చెబుతాడనుకున్నాను.

"కనపడుతుందమ్మా."

"పోనీలెండి," అంది వెర్నా. "మీ నాణేనికి ఏమీ కాలేదు, అంతే చాలు."

ఆవిడ ఎత్తిపొడవలేదు. నిజంగానే సంతోషించింది.